పరిశీలనలో ఉన్న పెద్దమనిషి

ఢిల్లీలో మంత్రి మారతాడు, సెక్రటరీ మారతాడు, ఈమధ్య భవనాలు కూడా మారుతున్నాయి. ప్రతి కేంద్ర మంత్రిత్వశాఖలోనూ మారని మనిషి ఒకాయన ఉంటాడు. తలుపు మీద ‘డైరెక్టర్ (అడ్మిన్)’ అనో ‘డిప్యూటీ సెక్రటరీ (ఎస్టాబ్లిష్‌మెంట్)’ అనో రాసి ఉంటుంది. కొత్త మోజున్న చోట ‘హెచ్‌ఆర్’ అని కూడా తగిలిస్తారు. చాలాసార్లు సెంట్రల్ సెక్రటేరియట్ సర్వీసులో కింది మెట్టు నుంచి ఎక్కివచ్చినవాడే. బల్ల మీద స్వామీస్ హ్యాండ్‌బుక్, దాని నిండా చీటీలు, పక్కన సగం తాగిన టీ. సెలవు, బదిలీ, పదోన్నతి, పింఛను, పక్క సీటువాడి మీద ఫిర్యాదు, ఏసీ గాలి నేరుగా నెత్తిన కొడుతోందన్న మొర, అన్నీ ఆ గదికే వస్తాయి. ఏ మొరకైనా జవాబు మూడు మాటల్లో ఒకటి: ‘చూద్దాం’, ‘రూల్ పొజిషన్ చూడాలి’, ‘డీవోపీటీకి రాశాం’. డీవోపీటీ అంటే సిబ్బంది, శిక్షణ విభాగం. సర్వీసు రూల్స్‌కి అర్థం చెప్పే పెద్దదిక్కు. మూడో మాట విన్నవాడు నిశ్చింతగా సెలవు పెట్టి ఊరెళ్లి రావచ్చు. ఈ కుర్చీలో ఆడవాళ్లూ కూర్చుంటున్నారు. మూడు మాటల్లో మార్పేమీ రాలేదు.

ఈయన్ని చూసి నవ్వడం తేలిక. ఆ కారిడార్లలో తెలుగు ఉద్యోగి ఒక్కడున్నా చాలు, దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఆయన వెనకాలే నడుస్తుంది. నాకు మాత్రం ఆ సామెత ఇక్కడ సగమే అతికినట్టు కనిపిస్తుంది. పూజారి దగ్గర కనీసం గుడి తాళంచెవి ఉంటుంది. ఈయన దగ్గర ఏముందో లెక్కవేసి చూడండి. ఉద్యోగుల వ్యవహారాలకు అధిపతి అన్నాక నాలుగు పనులు ఆశిస్తాం: మనుషుల్ని తీసుకోవడం, జీతం తేల్చడం, పైకి పంపడం, తప్పుచేస్తే బయటికి పంపడం. తీసుకునేది యూపీఎస్సీ, స్టాఫ్ సెలక్షన్ కమిషన్. ఖాళీలు ఎన్నో రాసి పంపడం, వచ్చినవాడికి కుర్చీ వెతకడం ఈయన వంతు. జీతం సంగతి పే కమిషన్‌ది, ఆపైన ఆర్థికశాఖది. ఏడో పే కమిషన్ ముందుకు వచ్చిన అలవెన్సులే 196. జుట్టు కత్తిరింపుకీ సబ్బుకీ విడిగా ఇచ్చేవి కూడా వాటిలో ఉన్నాయి. 52 ఎత్తేయమని కమిషన్ చెప్పింది. పెట్టిందీ ఈయన కాదు, తీయమన్నదీ ఈయన కాదు. అయినా తన పాత అలవెన్సు ఏమైందని అడగడానికి ఉద్యోగి పే కమిషన్ గడప ఎక్కడు, ఈయన గదికే వస్తాడు. పదోన్నతి సంగతీ అంతే. సచివాలయ సర్వీసుల క్యాడర్ డీవోపీటీ గుప్పిట్లో ఉంటుంది. సొంత శాఖ పోస్టులకు మాత్రం డీపీసీ, అంటే పదోన్నతుల కమిటీ, ఈయన సమావేశపరచాలి. ఆ ‘మాత్రం’ దగ్గరికి మళ్లీ వద్దాం.

బయటికి పంపడం గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే ప్రైవేటు కంపెనీలో హెచ్‌ఆర్ అంటే జనానికి ముందు గుర్తొచ్చేది అదే. రాజ్యాంగంలోని 311వ అధికరణం ప్రకారం ఆరోపణ ఏమిటో చెప్పకుండా, తన వాదన వినకుండా ప్రభుత్వోద్యోగిని తీసేయడానికి లేదు. మినహాయింపులు బహు కొద్ది. దాన్ని నడిపించే దారి 1965 నాటి సీసీఏ రూల్స్‌లో ఉంది. చార్జి మెమో ఇవ్వాలి. జవాబు రావాలి. విచారణాధికారిని వేయాలి, శాఖ తరఫున వాదించేవాణ్ని వేయాలి. ఉద్యోగికి సహాయకుడుగా సాటి ఉద్యోగో రిటైరైనవాడో రావచ్చు. ఈ రిటైరైనవాడే అసలు ప్రమాదం. రూల్స్ ఆయనకి కంఠతా వచ్చు, తీరిక బోలెడు, పైగా ఎదురుగా కూర్చున్న డైరెక్టరు ఒకప్పుడు తన దగ్గరే నోటు రాయడం నేర్చుకున్నవాడై ఉంటాడు. సాక్షులు, నివేదిక, ఆ నివేదిక మీద ఉద్యోగి అభ్యంతరాలు, కావలసిన చోట యూపీఎస్సీ సలహా, ఉత్తర్వు, అప్పీలు, 1985 చట్టంతో ఏర్పడ్డ క్యాట్, అంటే కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్, దాని మీద హైకోర్టు. ఈ దారి చివర నిలబడి చూస్తే, ముద్దాయి కంటే ముందు డైరెక్టరుగారే రిటైరైపోయి ఉంటారు. ఇంత దూరం నడిచే ఓపిక లేకే చాలా ఫైళ్లు ‘హెచ్చరించి వదిలేయడమైనది’ దగ్గర బండి దిగిపోతాయి.

పోనీ పనితీరు మదింపు ఉంది కదా, ఏడాదికోసారి రాసే ఏపీఏఆర్? దాని కథ ఇంకా చిత్రం. సరిహద్దు రోడ్ల సంస్థలో దేవ్ దత్ అనే ఇంజనీరుకి ఒక ఏడాది ‘గుడ్’ అని రాశారు. ప్రమోషన్‌కి కావలసింది ‘వెరీ గుడ్’. బాగున్నాడని రాసిన మాటే ఆయన దారికి అడ్డంపడింది. అలా రాశారని ఆయనకి చెప్పినవాడు లేడు. 2008లో సుప్రీంకోర్టు, ఏం రాసినా ఆ ఉద్యోగికి చూపించాల్సిందేనంది. న్యాయమైన తీర్పు. కానీ పర్యవసానం ఎవరైనా ఊహించగలిగిందే. రాసింది రేపు రాయించుకున్నవాడి చేతిలో పడుతుందని తెలిశాక, తక్కువ మార్కు వేసి ఏడాదిపొడుగునా ఆ ముఖాన్ని ఎదురుగా చూసే ధైర్యం ఎందరికుంటుంది? పదికి ఎనిమిదో తొమ్మిదో వేసి అందరూ అందరితో సఖ్యంగా ఉంటారు. శాఖ మొత్తం అసాధారణ ప్రతిభావంతులతో నిండిపోతుంది. ఆ ప్రతిభావంతుల్లో ఒక డ్రాఫ్టు తప్పుల్లేకుండా రాసేవాడి కోసం డైరెక్టరుగారు మూడు సెక్షన్లు గాలిస్తాడు.

ఇన్ని తీసేశాక మిగిలింది ఒకటే, ఎదురుచూపు. ఉద్యోగి ఆశ చావకూడదు, అలాగని తీరకూడదు. చస్తే కోర్టుకి పోతాడు, తీరితే పక్కవాడు తనకీ కావాలంటాడు. ఈ రెంటి మధ్య వందలాది మందిని ఏళ్ల తరబడి నిలబెట్టగలగడమే ఆయన విద్య, అది చిన్న విద్య కాదు. దాని అసలు ప్రదర్శన చూడాలంటే స్టాఫ్ సైడుతో, అంటే ఉద్యోగ సంఘాల పక్షంతో, జరిగే సమావేశానికి వెళ్లాలి. 1960 జూలైలో కేంద్ర ఉద్యోగులు ఐదు రోజులు సమ్మె చేస్తే ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి అణిచింది. ఆ చేదు తర్వాత, 1966లో, ఇరుపక్షాలూ ఒక బల్ల చుట్టూ కూర్చోవడానికి జాయింట్ కన్సల్టేటివ్ మెషినరీ, అంటే జేసీఎం, పెట్టారు. బల్ల వేసిన రెండేళ్లకే, 1968 సెప్టెంబరు 19న, మళ్లీ ఒకరోజు సమ్మె జరిగింది. అది వేరే విషయం. జేసీఎంలో నియామకం, పదోన్నతి, క్రమశిక్షణ గురించి సాధారణ సూత్రాలు మాట్లాడుకోవచ్చు, వ్యక్తుల కేసులు తేకూడదు. ఒప్పందం కుదరకపోతే తప్పనిసరి మధ్యవర్తిత్వానికి వెళ్లేవి మూడే: జీతభత్యాలు, వారానికి పనిగంటలు, సెలవులు. ఆ మూడూ మన డైరెక్టరుగారి చేతిలో లేనివే కావడం గమనించాలి.

కాబట్టి ఆ సమావేశంలో జరిగేది బేరం కాదు, సంసారం. ఇటు అధికార పక్షం, అటు స్టాఫ్ సైడు. స్టాఫ్ సైడు నాయకుడు ఆవేశంతో లేస్తాడు, ఎందుకంటే గుమ్మం బయట సభ్యులు వింటున్నారు. డైరెక్టరుగారు ఆవేశమంతా తలూపుతూ వింటాడు, ఎందుకంటే లోపల మినిట్స్ రాస్తున్నారు. క్యాంటీన్‌లో నూనె, మెట్ల దగ్గర వెలుతురు, క్వార్టర్ల పైపులు ఒకటొకటిగా తేలిపోతాయి. ప్రమోషన్ల అంశం వచ్చేసరికి ‘పరిశీలనలో ఉంది’ అని నమోదవుతుంది. వచ్చే సమావేశానికి అదే ‘తీసుకున్న చర్యల నివేదిక’లో ‘చురుకుగా పరిశీలనలో ఉంది’గా ఎదుగుతుంది. ఆ విశేషణం సాధించుకొచ్చానని నాయకుడు సభ్యులకి చెప్పుకుంటాడు, విశేషణంతో సరిపెట్టానని డైరెక్టరు పైవాళ్లకి చెప్పుకుంటాడు. ఇద్దరూ ఒకరికొకరు కావలసినవాళ్లే. నిజంగా మంట పుట్టిన రోజున ఈ బల్ల దగ్గర ఏదీ తేలదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరిలో పీఆర్సీ జీవోలు వచ్చాయి. 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్నవాళ్లకి 23 శాతం ఫిట్‌మెంట్ చెబితే, ఫిబ్రవరి 3న ఉద్యోగులు విజయవాడ రోడ్లు నింపేశారు. రెండు రోజుల తర్వాత సమ్మె పిలుపు వెనక్కి తీసుకున్నది మంత్రుల కమిటీతో మాట్లాడాక. సిబ్బంది వ్యవహారాలు చూసేవాళ్లు ఢిల్లీలోనైనా వెలగపూడిలోనైనా నిప్పు అంటుకోకముందు వరకే.

మరీ అంత నిస్సహాయుడా ఆయన, సెక్షన్ మార్చే అధికారం ఉంది, గది ఇచ్చే అధికారం ఉంది, ఫండమెంటల్ రూల్ 56(జె) కింద యాభై దాటినవాళ్ల సర్వీసును సమీక్షకు పెట్టి ఇంటికి పంపొచ్చు కదా అని ఎవరైనా అనవచ్చు. 56(జె) కత్తి ఉన్నమాట నిజమే. దాని సమీక్షకు వేరే కమిటీలుంటాయి, ఆయన పని జాబితా తయారుచేయడం. ఇక సెక్షన్లూ గదులూ అంటారా, అవి నిజంగా ఆయనవే, అందుకే సచివాలయంలో యుద్ధాలన్నీ వాటి కోసమే జరుగుతాయి. కిటికీ పక్క సీటు ఎవరికన్న ప్రశ్న మీద వచ్చినన్ని సిఫారసులు విధానపత్రాల మీద రావు. చేతిలో ఉన్న కాసిన్ని అధికారాలూ కుర్చీకీ కిటికీకీ సంబంధించినవైతే, మనిషి కూడా ఆ కొలతలకే కుదురుకుంటాడు.

అయితే కంపెనీల్లోలాగే ఈయనకీ పూర్తి పగ్గాలిచ్చేయండి, తీసుకోనీ, తీసేయనీ అన్నది రెండో వాదన. ఈ మాట ఎక్కువగా వినిపించేది ప్రభుత్వోద్యోగులు కాని వాళ్ల నోట. పరీక్ష రాసి వచ్చిన ఉద్యోగాన్ని ఒకరి చిరాకుకీ ఒకరి సిఫారసుకీ వదలకూడదనే ఈ కంచెలన్నీ కట్టారు. ఆ కంచెలు తీసేస్తే కిటికీ సీటుకి వచ్చే సిఫారసు లేఖలే రేపు ఉద్యోగాలకీ ఉద్వాసనలకీ వస్తాయి. ఈ విషయంలో నేను కంచె పక్షమే. మంత్రిగారి బావమరిదికి కూడా ఆ గదిలో ‘రూల్ పొజిషన్ చూడాలి’ అన్న జవాబే వస్తుందంటే, అది ఆ మూడు మాటల్లో ఒకదానికి దక్కిన గౌరవం.

నా ఫిర్యాదు వేరే ఉంది. ఇందాక ‘మాత్రం’ దగ్గర ఆగినది అందుకే. అధికారం లేని చోట అలవాటైన ‘చూద్దాం’ని ఆయన అధికారం ఉన్న చోటికి కూడా తెచ్చుకున్నాడు. డీపీసీలు ఏడాది మొదలుకాక ముందే ముగిసేలా ఏ నెలలో ఏ పని జరగాలో చెబుతూ డీవోపీటీ 1998లోనే నమూనా క్యాలెండర్ ఇచ్చింది. సీనియారిటీ జాబితా, ఏపీఏఆర్‌లు, విజిలెన్స్ క్లియరెన్సు సమకూర్చడానికి పే కమిషన్ అనుమతి అక్కర్లేదు, క్యాబినెట్ నోటు అక్కర్లేదు. ఆయన సెక్షన్‌లోనే అయిపోయే పనులివి. రిజర్వేషన్ల కేసులు కోర్టుల్లో ఉన్నందువల్ల సచివాలయ సర్వీసుల్లో పదోన్నతులు ఏళ్లపాటు నిలిచాయి. 2022లో 8,000 మందికి పైగా ఒక్కసారే ప్రమోషన్లొచ్చాయి. ఆ ఆలస్యం ఆయనది కాదు. అయితే ‘మ్యాటర్ సబ్ జుడిస్’ అన్న ముద్ర దొరికాక, ఏ కోర్టూ ముట్టని ఫైళ్లు కూడా దాని నీడలో పడుకోవడం నేర్చుకున్నాయి. ఫలానా పోస్టు ఏ కేసులోనూ లేదే అని గుమాస్తా గుర్తుచేస్తే, ‘తీర్పు ప్రభావం ఎలా ఉంటుందో చూద్దాం’ అంటాడు. జాగ్రత్త అనుకోవాలా, బద్ధకం అనుకోవాలా అన్నది ఫైలు చూసి చెప్పలేం. రెంటికీ ఆయన వాడే వాక్యం ఒకటే.

2020లో వచ్చిన మిషన్ కర్మయోగి అనే శిక్షణ పథకం ఈ రోగానికి మందవుతుందని కొందరి ఆశ. ఉద్యోగులు ఆన్‌లైన్‌లో కోర్సులు చేస్తున్నారు, సర్టిఫికెట్లు ప్రింటు తీస్తున్నారు. నాయకత్వం మీద కోర్సు పూర్తిచేసినవాళ్ల జాబితా గడువులోగా పైకి పంపడం ఆయన నెత్తిన పడ్డ మరో పని. ఆ జాబితా మాత్రం ఠంచనుగా వెళుతుంది, ఎందుకంటే దాన్ని పైవాళ్లు అడుగుతారు. సీనియారిటీ జాబితాని అడిగేవాళ్లు కిందివాళ్లు.

పింఛను దగ్గరైతే సాకు పూర్తిగా చెల్లిపోతుంది. 18 ఏళ్ల సర్వీసు నిండాక ఒకసారి, రిటైర్మెంటుకు ఐదేళ్ల ముందు మరోసారి సర్వీసును సరిచూసి కాగితం ఇవ్వాలి, ఏడాది ముందే పింఛను పని మొదలుపెట్టాలి అని 2021 పింఛను నిబంధనలు చెబుతున్నాయి. పుట్టినతేదీ మారదు కనక ఎవరు ఎప్పుడు దిగిపోతారో ముప్ఫై ఏళ్ల ముందే తెలుసు. ఒకటో తారీఖున పుట్టినవాడు ముందు నెల ఆఖరి రోజునే దిగిపోవాలన్న రూలు ఆయన నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అయినా నెలాఖరు వీడ్కోలు సభలో శాలువా, సమోసా, ‘మా కుటుంబానికి మూలస్తంభం’ అన్న ప్రసంగం అయ్యాక, ఆ మూలస్తంభం డైరెక్టరుగారిని పక్కకి పిలిచి ఎప్పుడో ఏ ఊళ్లోనో చేసిన రెండేళ్ల సర్వీసు వెరిఫికేషన్ ఇంకా రాలేదేమని అడుగుతుంది. దానికి ఆయన జవాబు మీకు తెలుసు.

చివరికి ఒకనాడు ఆయన వంతూ వస్తుంది. చిత్రంగా ఆయన సర్వీసు పుస్తకంలో ఒక్క పేజీ చిరగదు, ఒక్క నెల ఖాళీ ఉండదు. ఎక్కడెక్కడ పనిచేశాడో అక్కడినుంచి వెరిఫికేషన్లు ఎప్పుడో వచ్చి చేరి ఉంటాయి. మిగిలిన సెలవు అర్ధరోజుతో సహా లెక్కతేలి ఉంటుంది, నామినేషన్ ఫారాల్లో అక్షరం తప్పు ఉండదు. పింఛను పేమెంట్ ఆర్డరు వీడ్కోలు సభకి ముందే చేతికొస్తుంది. దాని గురించి మాత్రం ఎవరూ డీవోపీటీకి రాయలేదు.