పాపం ఎవరిది తాతయ్యా?

దసరా సెలవలకొచ్చిన మా మనవడు ఫోన్లో బ్యాట్‌మాన్ బొమ్మల పుస్తకం చూపించి, "ఇది మీ చందమామలా పిల్లల కథ కాదు తాతయ్యా, మనసు లోపలి చీకటి" అన్నాడు. ఒళ్ళు మండింది నాకు. చీకటి మాకు తెలీదా?

మా రోజుల్లో చందమామ కోసం సామర్లకోట జంక్షన్‌లో పుస్తకాల కొట్టు దగ్గర పడిగాపులు కాసేవాళ్ళం. చేతికి రాగానే బేతాళ కథే ముందు. శంకర్ గారి బొమ్మలో విక్రమార్కుడి చేతిలో కత్తి, భుజాన శవం. రాత్రి అది చదివాక పెరట్లోకి వెళ్ళాలంటే అమ్మ తోడు రావలసిందే. భయం అంతటితో వదిలేది కాదు. తప్పెవరిది, త్యాగమెవరిదని బేతాళుడు అడిగేవాడు. తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది, చెబితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. రాజు జవాబు కనపడకుండా పేజీ మీద అరచెయ్యి అడ్డం పెట్టి నేనూ మా అన్నయ్యా కొట్టుకునేంతగా వాదించుకునేవాళ్ళం. పాత కథలు అయిపోయినా సంపాదకులు కుటుంబరావుగారి హయాంలో కొత్తవి అల్లించి మరీ ఆ ప్రశ్నలు అడిగించారు.

మనవడు చూపించింది 1988లో అలన్ మూర్ రాయగా బ్రయన్ బోలండ్ బొమ్మలేసిన 'ది కిల్లింగ్ జోక్'. ఆసాంతం చదివాను. ఒక్క పాడురోజు చాలు, ఎవరికైనా మతి చలిస్తుందని దుష్టుడు జోకర్ వాదం. అది రుజువు చెయ్యడానికి పోలీసు కమిషనర్ గోర్డన్ కూతురు బార్బరాని కాల్చి అవిటిదాన్ని చేస్తాడు. అంత జరిగినా గోర్డన్, వాణ్ణి చట్టప్రకారమే పట్టుకోవాలంటాడు. అది గొప్ప ఘట్టం, కాదనను. కానీ చివర్లో వీరుడూ దుష్టుడూ కలిసి నవ్వుకుంటారే, మరి ఆ పిల్ల గతేమిటి? ఆస్పత్రి మంచం మీద నాలుగు మాటలతో సరిపెట్టేస్తే ఆమె మనసులో చీకటి ఎవరు చూస్తారు? రాసిన మూరే ఆ కథ తనకి నచ్చలేదని తర్వాత చెప్పుకున్నాడు.

మన కథల్లో చీకటీ చూపిద్దామని సాయంత్రం మనవణ్ణి సామర్లకోట భీమేశ్వరాలయానికి తీసుకెళ్ళాను. మెట్లెక్కి పై అంతస్తుకి వెళితే గాని అక్కడ లింగం పైభాగం కనపడదు. తారకాసురుడి మెడలోని లింగం అయిదు ముక్కలైతే, ఒకటి కుమారస్వామి ఇక్కడ ప్రతిష్ఠించాడని స్థలపురాణం. స్కాందపురాణం ఇంకో మాట చెబుతుంది. తారకుణ్ణి చంపిన కుమారస్వామి, శివభక్తుణ్ణి చంపానే అని కుమిలిపోయాడట. ఆ బాధ తీరడానికే లింగాలు ప్రతిష్ఠించాడట.

మనవడు ఫోను జేబులో పెట్టేసి మెట్ల మీద కూర్చున్నాడు. "చంపమన్నది దేవతలే కదా తాతయ్యా, మరి పాపం ఎవరిది?"

ఇంటికొచ్చేదాకా వాదించుకున్నాం.