బలగమా, నీకు దండం!

యాన్బు క్యాంపు బలగమా, నీకు దండం! సౌదీలో ఎర్ర సముద్రం ఒడ్డున 1975 నుంచి లేచిన ఆ పారిశ్రామిక నగరంలో రిఫైనరీ షట్‌డౌన్ వచ్చిందంటే, నీ వెల్డర్లు, పైపు ఫిట్టర్లు లేనిదే పని కదలదు. జగిత్యాల, నిజామాబాద్, కడప ఒక్క రూములో పడుకుని ఒక్క గిన్నెలో వండుకు తినడం నీ దగ్గరే నేర్చుకోవాలి.

నీ దయ కొండంత. రూములో ఒకడు నిద్రలోనే పోతే తెల్లారేసరికి చందా జాబితా రాస్తావు. జీతం రానివాడు కూడా బదులు తెచ్చి యాభై రియాళ్లు వేస్తాడు. జెద్దా కాన్సులేట్‌కు ఫోన్ల మీద ఫోన్లు చేస్తావు. శంషాబాద్‌లో పెట్టె దిగేదాకా నీకు కునుకు పట్టదు. చచ్చినవాడికి ఇంత చేసే నీకు, బతికున్నవాడు నాలుగు నెలల జీతం అడగడానికి బయల్దేరితే మాత్రం చెప్పులు దొరకవు.

నీ ఐకమత్యానికి జోహార్లు. శుక్రవారం రాత్రి మెస్సులో ‘రేపు ఎవ్వడూ బస్సెక్కొద్దు’ అని ఒకడంటే ‘ఎక్కం’ అని ముప్పై గొంతులు లేస్తాయి. పొద్దున చీకటితోనే బస్సు హారన్ కొడుతుంది. ఒకడు పక్కవాడి మొహం చూస్తాడు, వాడు ఇంకొకడి మొహం చూస్తాడు. ఎవడో టిఫిన్ డబ్బా సర్దుకుని మెట్టెక్కుతాడు, వెనకే అందరూ. కింద మిగిలిన ఒక్కడి పేరు ఫోర్‌మన్ రాసుకుంటాడు. రేపు వాడి మీద పని వదిలి పారిపోయాడన్న ‘హురూబ్’ కేసు పడితే ‘వాడికే తొందరెక్కువ’ అని తీర్పు చెప్పేదీ నువ్వే. ముప్పై మంది ఒక్కడిలా భయపడటం ఎంత ఐకమత్యం!

నీ భయం ఉత్తిది కాదు. ఊళ్లో అప్పుంది, నివాస అనుమతి అకామా కంపెనీ చేతిలో ఉంది, సమ్మెను సౌదీ చట్టం ఒప్పదు. కానీ జీతం రాలేదని కార్మిక శాఖకు చెప్పుకోవడానికి చట్టం అడ్డురాదు. విదేశాల్లో ఉన్నవాళ్ల ఫిర్యాదుల కోసం మన ప్రభుత్వం 2015లో తెచ్చిన మదద్ పోర్టల్ కూడా ఉంది. ఎవడో ఒకడు పెడతాడులే అని ముప్పై మందీ అనుకోవడం వల్లే ఫిర్యాదు పుట్టదు.

న్యూయార్క్‌లో డార్లీ, లాటానే అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు దీన్నే పరీక్షించి 1968లో అచ్చువేశారు. పక్క గదిలో ఎవరికో మూర్ఛ వచ్చినట్టు గొంతు వినిపించారు. తానొక్కడే విన్నాననుకున్నవాళ్లలో 85 శాతం సాయం కోసం లేచారు. మరో నలుగురు వింటున్నారనుకుంటే లేచింది 31 శాతమే. లేవనివాళ్లు రాతిగుండెవాళ్లు కారు, వాళ్ల చేతులు వణుకుతున్నాయి. బస్సు మెట్టెక్కే నీ చేతుల్లోనూ ఆ వణుకే ఉంది. అందుకే నీ మీద నాకింత కోపం.

అంతకుముందే సోలొమన్ ఆష్ అనే మరో మనస్తత్వవేత్త 1950లలో గీతలు చూపించి ఏవి ఒకే పొడవో అడిగాడు. చుట్టూ అందరూ తప్పు చెబుతుంటే, ఇంచుమించు మూడో వంతు జవాబులు వాళ్ల వైపే ఒరిగాయి. తోడుగా ఒక్కడు నిజం చెప్పగానే ఆ ఒరగడం చాలామటుకు ఆగింది. ఫిర్యాదు కాగితం మీద ముప్పై సంతకాలు అక్కర్లేదు, రెండోది కావాలి. అన్నా, ఈ శుక్రవారం అది ఎవరు పెడతారు?