ఆ తెల్లమచ్చ నాదే

నా పేరు ట్రయామ్సినలోన్. 1948లో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాతంతో నడవలేని ఒక స్త్రీకి కార్టిసోన్ ఇస్తే, కొద్దిరోజుల్లోనే లేచి నడిచింది. ఆ కార్టిసోన్ లాంటి స్టెరాయిడ్ మందుల వంశమే నాది.

సీసాలో పాలలా కనిపిస్తాను గానీ నీళ్లలో కరిగినదాన్ని కాను. సన్నటి స్ఫటికాలుగా తేలుతుంటాను, కుదపకపోతే అడుక్కి దిగిపోతాను. పెట్టినచోటే ఉండి, వారాల తరబడి మెల్లగా కరుగుతూ పనిచేయడం నా బలం. పేనుకొరుకుడు వచ్చినచోట మళ్లీ వెంట్రుకలు మొలిపించాను. చెవులు కుట్టినచోట గడ్డకట్టిన కీలాయిడ్లను మెత్తబరిచాను. ఆ పనులు తలుచుకుంటే గర్వంగా ఉంటుంది.

బొటనవేలి మొదట్లో స్నాయువు పట్టేసి, బిడ్డను ఎత్తుకోలేకపోతున్న ఒక తల్లికి నన్ను ఇచ్చారు. ఆ స్నాయువు తొడుగులోకి వెళ్లాల్సినదాన్ని. సూది పైపైనే ఆగింది, చర్మం కింది కొవ్వులో పడ్డాను. అణచడమే నాకు తెలిసిన పని. అణచడానికి అక్కడ వాపు లేదు. కొవ్వు తగ్గి గుంట పడింది. చర్మం పలచబడి రక్తనాళాలు ఎర్రగీతల్లా తేలాయి. రంగు పుట్టించే కణాలు మందగించి తెల్లమచ్చ వచ్చింది.

నొప్పి తగ్గిందో లేదో ఇంట్లో ఎవరూ అడగలేదు. "బొల్లేమోనే" అంది అత్తగారు. ఆ తల్లి చెయ్యి కొంగుచాటున దాచుకోవడం మొదలుపెట్టింది. ఎవరో చెప్తే పసరు రాసింది, మండిపోయింది. ఇంకెవరో ట్యూబు తెచ్చిచ్చారు. అందులో ఉన్నది నా బంధువే, మరో స్టెరాయిడ్. పలచబడిన చర్మాన్ని అది ఇంకా పలచన చేస్తుంటే, వద్దని చెప్పే నోరు నాకు లేకపోయింది.

చివరికి ఒక చర్మం డాక్టరమ్మ చూశారు. "బొల్లి కాదమ్మా, ఇంజక్షన్ వల్ల వచ్చింది. చాలామందికి నెలల మీద దానంతటదే సర్దుకుంటుంది" అన్నారు. ట్యూబు మాన్పించారు, ఎండ తగలనివ్వద్దన్నారు. నెలలు గడిచినా గుంట పూడకపోవడంతో, మిగిలిన నా స్ఫటికాలను చెదరగొట్టడానికి వారం వారం ఆ గుంటలోకి సూదితో సెలైన్ ఇచ్చారు. అప్పటికీ పూడని గుంటల్లో ఒంట్లోని కొవ్వే తీసి నింపుతారు, లేదా ఫిల్లర్ వేస్తారు. ఈమెకు ఆ అవసరం రాలేదు.

వైద్యం చేయడానికి వచ్చిన నన్ను, వైద్యం పేరుతోనే కడిగి తరిమేశారు. అందుకు డాక్టరమ్మ మీద నాకు కోపం లేదు. లోతు చూడకుండా గుచ్చి, ఇలా కావచ్చని ఆ తల్లికి ఒక్క ముక్కయినా ముందుగా చెప్పని చేతుల మీదే నా కోపమంతా.

మొన్న అదే డాక్టరమ్మ కనుబొమ్మలో పేనుకొరుకుడు వచ్చిన ఒక కుర్రాడి కోసం నన్ను తీశారు. సీసాను బాగా కుదిపి, మిల్లీలీటరుకు 2.5 మిల్లీగ్రాములకు పలచన చేశారు. గుంట పడొచ్చని, మచ్చ రావొచ్చని అతనికి చెప్పి, అతను సరేనన్నాకే సూది పట్టుకున్నారు.