పుట్టినట్టు రుజువేదీ?

అమెరికాలో శాశ్వత నివాసానికి, అంటే వాడుకలో గ్రీన్‌కార్డుకు, ఉద్యోగం ఆధారంగా దరఖాస్తు చేసే తెలుగువారు వీసా, జీతం, పన్నుల కాగితాలను ఎలాగోలా సమకూర్చుకున్నా, తాము పుట్టామని నిరూపించుకోవలసిన చోట తడబడతారు. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చినా, మంత్రసాని చేతుల్లో పుట్టిన పల్లె బిడ్డల పేర్లు పంచాయతీ రిజిస్టరుకు ఎక్కకపోవడం, బడిలో చేర్చుకున్న పంతులుగారే తోచిన తేదీ వేసి పుట్టినరోజును ప్రసాదించడం చాలాకాలం సాగిన ఆచారాలు. అందువల్ల దరఖాస్తుదారు మొదట అలభ్యతా పత్రం, అనగా జననం నమోదైన దాఖలా లేదని అధికారి ముద్ర వేసి ఇచ్చే దాఖలా (లేదనడానికీ ముద్ర కావాలి మరి!), సంపాదించి, పిమ్మట ఆ పుట్టుకను స్వయంగా ఎరిగిన ఇద్దరి ప్రమాణ పత్రాలను, వారు జీవించి ఉంటే, జతపరచాలి. పదవ తరగతి పత్రంలో పొడి అక్షరంగా ఒదిగిన ఇంటిపేరు పాస్‌పోర్టులో నిండుగా విచ్చుకుంటే, ఆ రెండు పేర్లూ ఒకరివేనని మరో ప్రమాణం. అయితే ఏ దేశానికీ సాధారణంగా ఏటా 7 శాతానికి మించి కార్డులు దక్కకపోవడం, ఆ లెక్కను పౌరసత్వాన్ని బట్టి కాక పుట్టిన దేశాన్ని బట్టి వేయడం వల్ల, ఈ దరఖాస్తు వంతు వచ్చేదాకా దరఖాస్తుదారులను ఏళ్ల తరబడి వరుసలో నిలబెట్టినది, అప్పట్లో ఏ సాక్షినీ అడగని ఆ పుట్టుకే.