ఆఖరి గడి

మా అక్క కూతురు పళ్ల డాక్టరు చదివి, క్లినిక్ పెట్టకుండా చెన్నై వెళ్లింది. అక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీలో ప్రజారోగ్యంలో రెండేళ్ల ఎంపీహెచ్ చేసింది. ఆ చదువుకు ఉద్యోగమేమొస్తుందని చుట్టాలు అడిగేవారు. జిల్లా ఆరోగ్యశాఖ నిఘా విభాగంలో వచ్చింది. తనతో చదివినవాళ్లలో ఒకరు డబ్ల్యూహెచ్‌వో తరఫున పోలియో నిఘా చూస్తున్నారు, ఒకరు జీనోమ్ వ్యాలీలో టీకాల కంపెనీలో చేరారు. “అయితే సూది వెయ్యదా?” అనేది మా ఆవిడ.

మా అమ్మాయి పెళ్లిలో భోజనాలు పన్నెండింటికి మొదలయ్యాయి. వడ్డన దగ్గరుండి చూసుకున్నది నేనే. మూడయ్యేసరికి విడిదింట్లో వాంతులు. చీకటి పడేలోగా అరవైమందికి పాకింది. ఆస్పత్రిలో సెలైన్లు ఎక్కించారు. మర్నాటికి అందరూ తేరుకున్నారు.

మేనకోడలు పట్టుచీర కొంగు దోపుకుని నోటుబుక్కులో గళ్లు గీసింది. పేరు, వయసు, ఏమేం తిన్నారు, వాంతి ఎన్నింటికి. తిన్న రెండు మూడు గంటలకే వాంతులంటే వంటకంలో విషం ముందే తయారై ఉంటుందంది. కానీ మంచమెక్కిన ప్రతివాళ్లూ పులిహోర నుంచి బాసుంది దాకా అన్నీ తిన్నారు. అన్నీ తిన్నవాళ్లని ఎంత అడిగినా ఏది చెడిందో తేలదు.

“జబ్బు పడనివాళ్లు కావాలి మామయ్యా” అంది.

అది వాళ్ల చదువులో మొదటి పాఠమట. 1854లో లండన్ బ్రాడ్ వీధిలో కలరా వందలమందిని చంపింది. వీధి పంపును అనుమానించిన డాక్టర్ జాన్ స్నో ఆ పక్కనున్న బీరు కార్ఖానాకు కూడా వెళ్లాడు. డెబ్బైమందికి పైగా పనివాళ్లు. కలరాతో ఒక్కరూ పోలేదు. వాళ్లకు యజమాని బీరు పోయించేవాడు. పంపు నీళ్ల జోలికి వాళ్లు వెళ్లలేదు.

మా పెళ్లిలో అలాంటివాళ్లు పన్నెండుమంది తేలారు. నాతో కలిపి షుగరున్నవాళ్లం నలుగురం. ఊరేగింపుకు వచ్చిన డప్పులవాళ్లు ఎనిమిదిమంది. వాళ్లు షామియానా వెనక ఆఖరి బంతిలో తిన్నారు.

“రాళ్లు తిన్నా అరిగించుకునే పొట్టలు వాళ్లవి” అంది మా ఆవిడ.

మేనకోడలు వాళ్ల వాడకు వెళ్లి ఇంటింటా కూర్చుని గళ్లు నింపుకొచ్చింది. పన్నెండుమందిమీ అన్నీ తిన్నాం, బాసుంది తప్ప. పాలు కలియబెట్టిన కుర్రాణ్ని పిలిపించి చూసింది. బొటనవేలికి చీముపట్టిన గాయం. వాడికి కట్టు కట్టించింది.

రాత్రి నా ఎదుట కూర్చుని రిపోర్టు సాపు రాసింది. ఆఖరి గడి ‘తినకపోవడానికి కారణం’. నా పేరుకెదురుగా ‘షుగరు’ అని రాసింది. మిగతా ముగ్గురికీ అదే రాసింది. డప్పులవాళ్ల ఎనిమిది పేర్లకెదురుగా ఖాళీగా ఉంది. పెన్ను అక్కడే ఆపి తలెత్తింది.

“వీళ్లందరికీ కూడా షుగరేనా మామయ్యా?”