మందిరానికి తాళం, చెవుల్లో నామం

మైపాడు సముద్రానికి పోయే దారిలో ఏ ఊళ్లో ఆగినా ఒక రామభజన మందిరం కనపడుతుంది. మందిరాలకేం, బాగానే ఉన్నాయి. రంగులేశారు, గ్రానైటు పరిచారు, దాతల పేర్లు రాతిమీద చెక్కించారు, ఇనప గేటు పెట్టించి తాళమేశారు. భజన ఒక్కటే లేదు. ఏడాదికొకసారి శ్రీరామనవమికి తలుపు తీసి, మైకులో సినిమా భక్తి పాటలు పెట్టి, పానకం వడపప్పు పంచి మళ్లీ తాళమేస్తారు. ఆ ఊరి పిల్లలేమో నెల్లూరులోనో బెంగళూరులోనో గది తలుపులు మూసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోను చెప్పినట్టు మంత్రం చెప్పుకుంటున్నారు. మనసు నెమ్మది కోసమట. నెమ్మది కోరుకోవడం తప్పని నేననను. అంత పెద్ద ఊరుండి, అంత మంది మనుషులుండి, దానికోసం ఒక్కడే గదిలో కూర్చోవాల్సి రావడమే నాకు కడుపుమంట.

మా రోజుల్లో శనివారం పొద్దుగూకితే మడికాడి నుంచి వచ్చినవాళ్లు కాళ్లు చేతులు కడుక్కుని, ఇంత తిని, మందిరం అరుగెక్కేవాళ్లు. ఊరికంతా ఒకటే హార్మోనియం. ఒక మద్దెల, నాలుగు జతల తాళాలు, ఒక లాంతరు. గొంతు బాగున్న ఒకాయన నామం ఎత్తుకుంటే తక్కినవాళ్లు అందుకునేవాళ్లు. ఆయన అంటుంటే మేం వినాలి, మేం అంటుంటే ఆయన ఆగాలి. మొదట నిదానంగా మొదలయ్యేది. మద్దెల వేడెక్కేకొద్దీ జోరందుకుని, పిల్లలు లేచి గంతులేసేదాకా పోయేది. మంగళహారతికి ముందు ఆయన చెయ్యెత్తితే మళ్లీ నిదానానికి దిగాలి. ఆ దిగడంలోనే అసలు సంగతంతా ఉండేది. పగలంతా గట్టు తగాదా పెట్టుకున్న ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒకే నామం ఒకే ఊపిరిలో అనేవాళ్లు. తగాదా తీరేదని కాదు. ఆ రాత్రికి మాత్రం ఇద్దరికీ నిద్ర పట్టేది.

మొలగొలుకుల వరి కోసి, నూర్పిళ్లయి, గింజలు ఇల్లు చేరాక ఏకాహం పెట్టేవాళ్లం. ఒక పొద్దు నుంచి మర్నాటి పొద్దు దాకా నామం తెగకూడదు. ఇంటికింత అని వంతులేసేవాళ్లు. అర్ధరాత్రి వంతు వచ్చినవాళ్లను లేపడానికి ఒకడు లాంతరు పట్టుకుని వీధులు తిరిగేవాడు. అలా లేచి వెళ్లి, నిద్రమత్తులో నామం అందుకున్నవాడికి ఒక గంటకు ఒళ్లు ఎంత తేలికపడుతుందో, అది చేసినవాడికి తెలుసు. డబ్బు కట్టి నేర్చుకున్నవాళ్లెవరూ లేరు. పిల్లలు తాళం పట్టుకుని నేర్చుకున్నారు, అంతే.

భయానికి కూడా మాకు ఇదే మందు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తుపాను తీరం దాటిన రాత్రి, పూరిళ్లవాళ్లంతా మిద్దె అని మందిరంలోకి వచ్చి పడ్డారు. గాలి అరుపుకి పిల్లలు గుక్కపెట్టి ఏడుస్తుంటే ఒక ముసలామె నామం ఎత్తుకుంది. తెల్లవార్లూ అదే. గాలి తగ్గలేదు, మనుషుల్లో భయం తగ్గింది. మా పక్కనే పెన్న ఒడ్డున పల్లెపాడు ఉంది. 1921లో గాంధీగారు వచ్చి పినాకినీ సత్యాగ్రహాశ్రమం తెరిచింది అక్కడే. చిన్నప్పుడు దయ్యాల భయం పోవడానికి రంభ అనే దాది తనకు రామనామం చెప్పిందని ఆయన ఆత్మకథలో రాసుకున్నారు. భయం పట్టుకున్న పిల్లవాడికి ఒక పెద్దామె ఇచ్చిన మందు అది.

ఇప్పటి భయాలు వేరు. మా మేనల్లుడికి రొయ్యల గుంటలున్నాయి. వరి పండిన మళ్లే అవి. రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే, జనరేటరు మొరాయిస్తే, తెల్లవారేసరికి ఆక్సిజన్ అందక సరుకంతా పోతుంది. తెల్లమచ్చ తెగులు ఒక భయం. అమెరికా సుంకం పెంచితే ఇక్కడ రొయ్యల రేటు పడిపోతుందని ఇంకో భయం. వాడు మొన్నొచ్చి, "నిద్ర పట్టడంలా మావా. డాక్టరు బీపీ అన్నాడు. ఇది పెట్టుకుని ఇరవై నిమిషాలు కూసుంటే కాస్త తేలిగ్గా ఉండాది" అని ఫోను చూపించాడు. ఇంగ్లీషులో ఎవరో ఆడపిల్ల ఊపిరి పీల్చమంటోంది, ఓంకారం అనమంటోంది. ఏడాదికింత అని చందా కట్టాడు. "మందిరంలో కూర్చోరా" అన్నాను. "యాడుండారు మావా మందిరంలో?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

వాడికి తేలిగ్గా ఉందంటే నిజమే అయ్యుంటుంది. హార్వర్డులో హెర్బర్ట్ బెన్సన్ అనే గుండె డాక్టరు 1975లోనే పుస్తకం రాశాడు. ఏదో ఒక మాటనో చిన్న ప్రార్థననో పదే పదే అనుకుంటూ, మధ్యలో వేరే ఆలోచన వస్తే దానితో కొట్లాడకుండా మళ్లీ ఆ మాట దగ్గరికే వస్తుంటే, గుండె వేగమూ ఊపిరీ నెమ్మదిస్తాయన్నాడు. ఇటలీలో బెర్నార్డి అనే ఆయన బృందం 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చువేసిన సంగతి నాకు ఇంకా నచ్చింది. క్రైస్తవుల జపమాల ప్రార్థన, 'ఓం మణి పద్మే హుం' మంత్రం రెండూ చెప్పించి చూస్తే, రెండింటికీ ఊపిరి నిమిషానికి ఆరుసార్ల దగ్గరకు దిగిందట. రక్తపోటును సరిదిద్దుకునే శక్తి కూడా ఒంట్లో మెరుగుపడిందట. ఆ జపమాల ప్రార్థన వాళ్ల చర్చిలో ఎలా చెబుతారంటే, సగం పాదిరి అంటాడు, సగం జనం అంటారు. మా మందిరంలో జరిగిందీ అదే కదా! అనేటప్పుడు ఊపిరి బయటికి పోతుంది, వినేటప్పుడు లోపలికి వస్తుంది. ఎవరూ లెక్కపెట్టనక్కర్లేదు, ఫోను గంట కొట్టనక్కర్లేదు. ఎదుటివాడి గొంతే కొలత.

ఈ డబ్బులు కట్టడం, గుట్టుగా మంత్రం తీసుకోవడం కూడా నాకు మింగుడుపడవు. మహేశ్ యోగి దగ్గరకు 1968లో బీటిల్స్ పాటగాళ్లు హృషీకేశం వచ్చాక లోకమంతా ఆయన నేర్పే ధ్యానం వెంట పడింది. మంచిదే. కానీ రుసుము కట్టించుకుని, ఎవరికీ చెప్పొద్దని ఒక్కొక్కరికీ మంత్రమివ్వడం వాళ్ల పద్ధతి. మనకు రామానుజులవారి కథ తెలుసు. గురువు గుట్టుగా ఉంచమన్న అష్టాక్షరిని తిరుక్కోట్టియూరు గోపురమెక్కి అందరికీ వినపడేట్టు చెప్పేశారు. మన జిల్లాలోనే గొలగమూడి ఉంది. నాగులవెల్లటూరులో పుట్టిన వెంకయ్యస్వామిని మొదట్లో జనం పిచ్చి వెంకయ్య అన్నారు. 1982 ఆగస్టు 24న ఆయన సమాధి చెందినా, ఈనాటికీ శనివారం రాత్రి అక్కడ నిద్ర చేయడానికి జనం బస్సులెక్కి పోతారు. ధుని దగ్గర కూర్చుంటారు. 'ఓం నారాయణ ఆది నారాయణ' అని పక్కవాడు అంటుంటే తామూ అంటారు. దిగులుతో పోయినవాళ్లు నలుగురి మధ్య పడుకుని లేచి వస్తారు. మా వైపు ఇంకా బతికున్న పాత అలవాటు ఏదైనా ఉందంటే అదే.

మా రోజుల్లో అన్నీ మంచివేనని చెప్పలేను. ఆ మందిరం మెట్టు ఎక్కనివ్వని మనుషులు ఆ ఊళ్లోనే ఉండేవాళ్లు. నాట్లేసిందీ కోత కోసిందీ వాళ్లే. ఏకాహం జరుగుతుంటే రోడ్డుకు అవతల నిలబడి వినేవాళ్లు. గాంధీగారు అడుగుపెట్టిన పల్లెపాడుకు దగ్గరి ఊళ్లలోనే ఈ అన్యాయం. ఈరోజు వాళ్ల మనవడు ఫోనులో ఏ నామం విన్నా ఎవడూ ఆపలేడు. ఆ ఒక్క విషయంలో ఈ కాలమే మేలు. మందిరం మళ్లీ తెరిస్తే ఆ పాత గీత చెరిపేసే తెరవాలి.

ఇంకొకటి. నామం చెబితే అన్నీ పోతాయనేవాళ్లను నమ్మొద్దు. మేనల్లుడికీ అదే చెప్పాను, బీపీ మాత్ర మానొద్దని. బతుకు మీద ఆశ పోయినవాడిని భజనలో కూర్చోబెట్టి ఊరుకోకూడదు, డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. మా కాలంలో ఆ తెలివిడి లేక కొందరిని పోగొట్టుకున్నాం.

ఊరి పెద్దల్ని నేనడిగేది ఒక్కటే. శనివారం రాత్రి ఏడున్నరకు మందిరం తాళం తీయండి. మైకు వద్దు, చందా వద్దు, ఫ్లెక్సీ వద్దు. ఏ వీధివాళ్లైనా, ఏ కులంవాళ్లైనా లోపలికొచ్చి కూర్చోవాలి. ముప్పావుగంట చాలు. గుంటల మీద కాపలా ఉన్నవాళ్లు ఏకాహానికి వేసుకున్నట్టే వంతులేసుకోండి. ఏరేటర్లు చూసేందుకు ఒకడుంటే తక్కినవాళ్లు రావచ్చు. హార్మోనియం తిత్తి చిరిగిపోయింది, రెండు మెట్లు పలకడం లేదు. దాన్ని నెల్లూరు తీసుకుపోయి బాగుచేయించే ఖర్చు నాది.