‘నో డిబేట్’ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం

“వన్డేల్లో వసీం అక్రమే నంబర్ వన్. మిగతావాళ్ళంతా ఆ తర్వాతే. నో డిబేట్. డౌటుంటే స్టాట్స్ చూస్కో.”

అవతారిక

పెళ్ళి భోజనాలయ్యాక, ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి వాల్చి, పళ్ళు కుట్టుకుంటూ ఒక పెద్దమనిషి లోకానుగ్రహార్థం సెలవిచ్చిన సూత్రమిది. కర్త నామధేయం అనవసరం. పెళ్ళికొకరు చొప్పున దేశమంతా ఉన్నారు. “మరి మెక్‌గ్రాత్ సంగతేంటి బాబాయ్?” అని ఓ కుర్రాడు అడిగితే ఆయన జవాబివ్వలేదు, జాలిగా నవ్వారు. ఆ నవ్వు భరించలేక ఈ వ్యాఖ్య పుట్టింది.

కాళిదాసు కావ్యాలకు సంజీవనీ వ్యాఖ్య రాసిన కోలాచలం మల్లినాథసూరి మన మెదక్ సీమవాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ రెండు ఒట్లు పెట్టుకుని మరీ ఘంటం పట్టాడు. మొదటి ఒట్టు మేమూ పెట్టుకుంటున్నాం. రెండోది క్రికెట్ విషయంలో ఎవరివల్లా కాదు.

పాఠభేదాలు

ఈ సూత్రం నోటిమాటగానే ప్రచారంలో ఉంది గనుక వక్త వయసునుబట్టి పాఠం మారుతుంది. యాభై దాటినవారి పాఠంలో ‘వసీం’, నలభైల్లో ఉన్నవారి పాఠంలో ‘మెక్‌గ్రాత్’, ఇంజనీరింగ్ పిల్లల పాఠంలో ‘బుమ్రా’. మహిళల వన్డేల్లో 255 వికెట్లు తీసిన ఝులన్ గోస్వామి పేరు ఏ పాఠంలోనూ లేదు, ప్రక్షిప్తంగానైనా లేదు. ‘నో డిబేట్’ అన్నది మాత్రం అన్ని ప్రతుల్లోనూ ఏకపాఠం.

ప్రతిపదార్థం

సుగమం. వదిలేశాం.

టీక

ముందుగా లక్షణ పరీక్ష. ఆవు అంటే ఏమిటని అడిగితే కొమ్ములున్నది అనకూడదు, గేదెకూ ఉంటాయి, అది అతివ్యాప్తి. కపిల వర్ణం కలది అనకూడదు, తెల్లావు జారిపోతుంది, అది అవ్యాప్తి. ఒంటిగిట్టది అనకూడదు, అలాంటి ఆవే లేదు, అది అసంభవం. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే. ఆయన శాస్త్రం చదివే కుర్రాళ్ళకు మొదట్లోనే వచ్చే పాఠమిది. దీన్ని ‘నంబర్ వన్’కు పట్టించి చూద్దాం.

ఎక్కువ వికెట్లు తీసినవాడే నంబర్ వన్ అంటారా? ముత్తయ్య మురళీధరన్‌వి 534, వసీంవి 502. సూత్రం మొదటి అడుగులోనే కర్త కాలు విరిగింది. పైగా షాహిద్ అఫ్రిదివి 395, మెక్‌గ్రాత్‌వి 381. అఫ్రిది మెక్‌గ్రాత్‌ను మించిన బౌలరని అఫ్రిది ఇంట్లోవాళ్ళయినా అంటారా? ఇది అతివ్యాప్తి. సక్లయిన్ ముస్తాక్‌వి 288 వికెట్లు, మన అజిత్ అగార్కర్‌వీ సరిగ్గా 288. ఈ ఇద్దరినీ ఒకే పీట మీద కూర్చోబెట్టగలిగినవారు ముందుకు రావచ్చు.

సగటు చూడాలంటారా? జోయెల్ గార్నర్‌ది 18.84, మెక్‌గ్రాత్‌ది 22.02, మురళిది 23.08, వసీంది 23.52. ఓవరుకిచ్చిన పరుగులా? గార్నర్ 3.09, మెక్‌గ్రాత్ 3.88, వసీం 3.89. ఒక మ్యాచ్‌లో అయిదేసి వికెట్లు పడగొట్టడమా? 13 సార్లతో ఆ పీఠం వకార్ యూనిస్‌ది. ఒకే మ్యాచ్‌లో గొప్ప ప్రదర్శనా? 2001లో కొలంబోలో జింబాబ్వే మీద చమిందా వాస్ 19 పరుగులకు 8 వికెట్లు తీశాడు. జట్టు జట్టంతా 38కే చుట్టుకుపోయింది. పిసినారితనమే కొలమానమా? అయితే 1992 డిసెంబరులో సిడ్నీలో పాకిస్తాన్ మీద పది ఓవర్లలో ఎనిమిది మెయిడెన్లు వేసి, 3 పరుగులిచ్చి, 4 వికెట్లు తీసిన ఫిల్ సిమన్స్‌కు పట్టం కట్టాలి. ఆయన ఓపెనింగ్ బ్యాటరు!

కాబట్టి ‘స్టాట్స్ చూస్కో’ అన్న చివరి వాక్యం మొదటి వాక్యాన్ని చంపేస్తోంది. ఉపక్రమానికీ ఉపసంహారానికీ పొత్తు కుదరని గ్రంథాన్ని ఏమంటారో మీమాంసకులు ఎప్పుడో చెప్పారు. మేం మర్యాదకు ఊరుకుంటున్నాం.

కాలోపాధి

ఇంకో చిక్కు. గార్నర్ నాటి ప్రపంచకప్పుల్లో ఆట 60 ఓవర్లు, బౌలరుకు 12. 1975లో ఈస్ట్ ఆఫ్రికా మీద బిషన్ సింగ్ బేడీ తన 12 ఓవర్లలో ఎనిమిది మెయిడెన్లతో 6 పరుగులిచ్చి ఒక వికెట్ తీశాడు. ఆ ఆటా ఈ ఆటా పేరులోనే ఒకటి. ఇక్కడ ప్రసంగవశాత్తు బంతిని గురించి రెండు ముక్కలు చెప్పాలి.

బంతికి వయసుంటుంది. కొత్తలో నునుపుగా ఉండి, కుట్టు వాలిన వైపు గాల్లో తిరుగుతుంది. పాతబడ్డాక ఒక చెంప గరుకెక్కుతుంది. రెండో చెంపను చెమటతో, ప్యాంటు రాపిడితో మెరిపిస్తారు. ఆ స్థితిలో వేగంగా విసిరితే అంతవరకూ తిరిగిన దిక్కుకు వ్యతిరేకంగా, మెరిసే వైపుకే తిరుగుతుంది, అదీ చివరి క్షణంలో. మెరుపును చూసి దిక్కు అంచనా కట్టుకున్న బ్యాటరు ఒక వైపు, వికెట్టు ఒక వైపు. దీన్నే రివర్స్ స్వింగ్ అన్నారు. దీనికి గురుపరంపర ఉంది: సర్ఫరాజ్ నవాజ్ నుంచి ఇమ్రాన్ ఖాన్, ఇమ్రాన్ నుంచి వసీం, వకార్లు. పుస్తకంలో లేని విద్య. నెట్స్‌లో పక్కన నిలబడి, మణికట్టు చూసి నేర్చుకోవలసిందే.

మరి ఈ విద్య ఏమైంది? తెల్లబంతి తొందరగా మాసిపోతుంది, దీపాల వెలుగులో కనబడదన్నారు. 2007లో 34 ఓవర్ల తర్వాత బంతి మార్చి తీరాలన్నారు. 2011 అక్టోబరు నుంచి ఒక్కో కొసకు ఒక్కో కొత్త బంతి ఇచ్చారు. 50 ఓవర్లు ముగిసేసరికి ఏ బంతి వయసూ 25 ఓవర్లు దాటేది కాదు. పాతబడని బంతికి రివర్స్ ఎక్కడిది? వేదశాఖలు అధ్యయనం చేసేవారు లేక లుప్తమయ్యాయంటారు. ఈ శాఖకు చేసేవారున్నారు, పాఠాన్నే తీసేశారు. స్పిన్నర్లకూ ఇదే గతి: గట్టిబంతి పట్టు చిక్కదు, బ్యాటుకు తగిలితే ఆగదు. ఆపైన 2012లో, పవర్‌ప్లే లేని ఓవర్లలోనూ వలయం బయట నలుగురికి మించి ఫీల్డర్లు ఉండకూడదన్నారు. 2018లో సచిన్ టెండూల్కరే రెండు బంతుల పద్ధతి ఆటకు చేటన్నాడు, వకార్ ఔనన్నాడు. వందలు కొట్టినవాడే జాలిపడ్డాడంటే బౌలర్ల బతుకు ఎలా ఉందో ఊహించుకోండి.

పూర్వపక్షం: 1992 ప్రపంచకప్‌లోనూ రెండు కొసలా రెండు తెల్లబంతులే వాడారు. అయినా మెల్‌బోర్న్ ఫైనల్లో వసీం వరుస బంతుల్లో అలన్ లాంబ్, క్రిస్ లూయిస్‌ల వికెట్లు ఎగరగొట్టలేదా? అంటే బంతి వయసు అసలు కారణం కాదు గదా?

సమాధానం: కొట్టాడు. వసీం చేశాడు గనుక బంతి వయసు లెక్కలోకి రాదనడం, అగస్త్యుడు సముద్రం తాగాడు గనుక దాహానికి చెరువు అక్కర్లేదనడం లాంటిది. పెద్దమనిషి సూత్రానికి బలమిచ్చే ఏకైక యుక్తి ఇదే. ఆయన అది ఎత్తనే లేదు. మా చేత ఎత్తించారు.

2025 జూలై నుంచి 34 ఓవర్ల తర్వాత రెండింట్లో ఒక బంతితోనే ఆట సాగాలని నియమం మార్చారు. శాఖకు చిగురేస్తుందేమో చూడాలి. ప్రకృతానికి వద్దాం.

వాద విచారం

‘నో డిబేట్’ అంటే వాదానికి తావులేదని. న్యాయసూత్రాల్లో గౌతముడు చర్చను మూడుగా విడదీశాడు. తత్త్వం తేలాలని చేసేది వాదం. గెలవాలని చేసేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడిని పడగొట్టడమే పనైతే వితండ. ఏ చర్చా లేకుండానే గెలిచేసే నాలుగో రకం ఆయనకు తట్టలేదు. పాపం, ఆయన కాలంలో పెళ్ళిళ్ళకు ప్లాస్టిక్ కుర్చీలు లేవు.

హాస్యం పక్కనపెడతాను. నాకు అసలు ఒళ్ళు మండేది ఇక్కడే. 2023 జనవరి 18న ఉప్పల్‌లో భారత్, న్యూజీలాండ్ తలపడ్డాయి. మనవాళ్ళు 349 కొడితే వాళ్ళు 337 దాకా వచ్చారు. 12 పరుగుల తేడాతో గెలిచాం. శుభ్‌మన్ గిల్ 208 చేశాడు, మైకేల్ బ్రేస్‌వెల్ 140 చేశాడు. ఈ రెండు అంకెలూ ఊళ్ళో అందరి నోటా ఉన్నాయి. దాదాపు 700 పరుగులు పారిన ఆ రోజు, సొంత ఊళ్ళో, తన పది ఓవర్లలో 46 పరుగులే ఇచ్చి 4 వికెట్లు తీసిన మహమ్మద్ సిరాజ్ అంకె ఎందరు చెప్పగలరు? మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ గిల్‌కు వెళ్ళింది. అతను అర్హుడు కాదనను. సిరాజ్ ఓవరుకు రెండేసి పరుగులు ఎక్కువిచ్చి ఉంటే ఆ 208 ఓడిన జట్టు ఖాతాలో పడేది, అంతే.

అదే ఏడు సెప్టెంబరులో కొలంబోలో ఆసియా కప్ ఫైనల్లో సిరాజ్ ఒకే ఓవర్లో నాలుగు వికెట్లు తీసి, 21 పరుగులకు ఆరుగురిని పంపి, శ్రీలంకను 50కి కట్టేస్తే గాని పెద్దమనుషులకు పేరు నోటికి రాలేదు. వికెట్టు పడితే తప్ప బౌలరు కనబడడు. పరుగు రాని బంతిని హైలైట్సులో కత్తిరిస్తారు. సిక్సర్ల కోసం టిక్కెట్టు కొనేవాళ్ళు, సిక్సర్ల కోసమే బౌండరీ తాడు లోపలికి జరిపితే చప్పట్లు కొట్టేవాళ్ళు, బౌలర్లలో ఎవరు గొప్పో తీర్పిస్తున్నారు.

తాత్పర్యం

వసీం గొప్పవాడు కాదని మేం అనలేదు. 2003 ప్రపంచకప్‌లో వన్డేల్లో మొట్టమొదట 500 వికెట్ల గడప దాటినవాడు. పైన ఎత్తి చూపిన ఏ పట్టికలోనూ మొదటివాడు కాకపోయినా, చూసినవాళ్ళు అతన్నే మొదట తలుచుకోవడంలో నిజముంది. ఆ నిజం బంతి చూసినవాడికి తెలుస్తుంది, పట్టిక చూసినవాడికి తెలియదు. ఏ కాలం, ఏ బంతి, ఎన్నో ఓవరు, ఏ పిచ్ అన్నవి చెప్పకుండా ‘నంబర్ వన్’ అనడం నిరాకాంక్షం కాని వాక్యం, అన్వయం కుదరదు. ఇది మా తీర్పు.

చదువరులకు ఒక మనవి. ఎవరైనా మీ ముందు ‘నో డిబేట్’ అంటే, వారు పొగిడే బౌలరు వేసిన పది ఓవర్లు మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా, హైలైట్స్ కాకుండా, ఒక్క మ్యాచ్‌లోనైనా చూశారా అని అడగండి. చూశామంటే కుర్చీ దగ్గరికి లాక్కుని వాదం మొదలుపెట్టండి. తడబడితే అది వితండ కూడా కాదు, జవాబు చెప్పక్కర్లేదు.